సొరోరిటీలో ఒక ఏడాది: కట్టిన డ్యూస్‌కి చేతికొచ్చేది ఏంటి, చేజారేది ఏంటి

అమెరికా యూనివర్సిటీలో బీఎస్ మొదటి ఏడాదికి వెళ్లే అమ్మాయి ఉన్న తెలుగు ఇళ్లలో జూన్ వచ్చేసరికి ఒక చర్చ మొదలవుతుంది. సొరోరిటీ, అంటే కాలేజీ అమ్మాయిలు డ్యూస్ (సభ్యత్వ రుసుము) కట్టి చేరే సంఘం, దాని రిక్రూట్‌మెంట్‌కి పేరు ఇవ్వాలా, వద్దా? అమ్మానాన్నలకి తెలిసింది సినిమాల్లో చూపించే పార్టీలు. అమ్మాయికి తెలిసింది ఫోన్‌లో కనిపించే బిడ్ డే (చేరమని పిలుపు, అంటే బిడ్, అందే రోజు) డాన్సులు. ఏడాదికి వేల డాలర్లు, వారానికి ఐదారు గంటలు పోసి చేరే చోటు లోపల ఎలా నడుస్తుందో ఈ రెండిట్లోనూ కనిపించదు.

ఈ సమీక్ష ఏ ఒక్క సంఘం గురించీ కాదు. పెద్ద స్టేట్ యూనివర్సిటీలో సొంత ఇల్లు ఉండి, 120 మంది దాకా సభ్యులున్న చాప్టర్ (సంఘానికి ఆ క్యాంపస్‌లో ఉండే శాఖ) ఆగస్టు నుంచి మే దాకా ఒక అమ్మాయికి ఏం ఇస్తుంది, ఏం అడుగుతుంది అన్నదే ఇక్కడి విషయం. చివర్లో దక్షిణాసియా సొరోరిటీల గురించి కూడా ఉంది, మన పిల్లలు చాలామంది రెండిటి మధ్యా ఊగిసలాడతారు కాబట్టి.

తీర్పు ముందే చెప్పేస్తాం. పదిమందిని కలుపుకుని ఒక పని మొదలుపెట్టి, లెక్క అప్పజెప్పేదాకా నడపడం నేర్చుకోవాలనుకునే అమ్మాయికి ఇది డబ్బుకి తగ్గ చోటు. స్నేహితులు దొరికితే చాలు అనుకుంటే ఖరీదు ఎక్కువ, ఆ స్నేహాలు హాస్టల్లోనూ తెలుగు స్టూడెంట్ సంఘంలోనూ దొరుకుతాయి. ఇంకో మాట. ఒకే క్యాంపస్‌లో ఒకే డ్యూస్ తీసుకునే రెండు చాప్టర్ల మధ్య తేడా ఇంటి ముందున్న స్తంభాల్లో ఉండదు. ఏడాది క్యాలెండర్, లక్ష్యాల కాగితం, బడ్జెట్ అనే మూడు కాగితాల్లో ఉంటుంది. అవి ఉన్న చాప్టర్, లేని చాప్టర్ రెండు వేరే సరుకులు.

ముందు ఇది ఎవరికి

సొరోరిటీల ఉమ్మడి సంస్థ నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ 1902లో మొదలైంది. అందులో 26 సొరోరిటీలున్నాయి. చై ఒమేగా, ట్రై డెల్టా, కప్పా డెల్టా లాంటి పేర్లు అక్కడివే. 'సొరోరిటీ' అన్న మాట లాటిన్‌లో అక్కాచెల్లెలు అనే అర్థమున్న 'సోరార్' నుంచి వచ్చింది. 1874లో సిరక్యూజ్‌లో పుట్టిన గామా ఫై బీటాని ఉద్దేశించి ఒక లాటిన్ ప్రొఫెసర్ వాడిన మాట అది. అంతకుముందు పుట్టినవి తమని తాము మహిళా ఫ్రటర్నిటీలనే రాసుకున్నాయి. నల్లజాతి విద్యార్థినుల సంఘాలది వేరే కుటుంబం. కమలా హారిస్ సభ్యురాలైన ఆల్ఫా కప్పా ఆల్ఫా 1908లో హోవర్డ్ యూనివర్సిటీలో మొదలైంది. వాళ్ల చేరిక పద్ధతి, క్యాలెండర్ పూర్తిగా వేరు, ఇక్కడ చెప్పేవి వాటికి వర్తించవు.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఎమ్మెస్‌కి వచ్చే అమ్మాయిలు ఒకటి గమనించాలి. పాన్‌హెలెనిక్ చాప్టర్ సభ్యత్వం అండర్‌గ్రాడ్యుయేట్లకే. మాస్టర్స్ విద్యార్థినికి రిక్రూట్‌మెంట్ లేదు. ఎఫ్-1 వీసా మీద బీటెక్ స్థాయి చదువుకి వచ్చిన అమ్మాయి మాత్రం నిక్షేపంగా చేరొచ్చు.

డ్యూస్: బిల్లులో ఏ ముక్క దేనికి

చాప్టర్‌ని బట్టి మొత్తం బాగా మారుతుంది. ఇల్లు లేని చాప్టర్‌లో సెమిస్టర్‌కి వందల్లో ఉంటే, ఇంట్లో గది, భోజనం కలిస్తే వేలల్లోకి పోతుంది. చాలా యూనివర్సిటీల పాన్‌హెలెనిక్ పేజీల్లో కనిష్ఠం, గరిష్ఠం, సగటు మూడూ పెడతారు. సగటు చూసి ఊరుకోకండి. మొదటి సెమిస్టర్ మొత్తం, ఇంట్లో ఉండని సభ్యురాలి మొత్తం, ఇంట్లో ఉండే సభ్యురాలి మొత్తం విడివిడిగా అడగండి.

మొదటి సెమిస్టర్ బిల్లే బరువు. న్యూ మెంబర్ ఫీజు, ఇనిషియేషన్ (పూర్తి సభ్యత్వం ఇచ్చే వేడుక) ఫీజు, బ్యాడ్జ్ ధర ఒక్కసారే పడతాయి. వీటికి తోడు చాప్టర్ డ్యూస్, జాతీయ కార్యాలయానికి తలకింత, ఇన్సూరెన్స్, ఇంట్లో ఉండకపోయినా ఇంటి నిర్వహణకి కట్టే పార్లర్ ఫీజు. బిల్లులో కనపడనివి ఇంకా ఉన్నాయి: టీషర్టులు, బిగ్-లిటిల్ (సీనియర్‌కి ఒక కొత్త సభ్యురాలిని జత కలిపే) వారంలో ఇచ్చే కానుకలు, ఫార్మల్ (చాప్టర్ పెద్ద డాన్స్ పార్టీ)కి డ్రెస్సు, రాకపోతే వేసే జరిమానాలు. టీషర్టు ఒక్కటే తీసుకున్నా ఏడాదికి పది డిజైన్లు దాటే చాప్టర్లున్నాయి. ఎన్ని తప్పనిసరి, ఎన్ని ఇష్టమైతేనే అని అడిగి తెలుసుకోవాలి.

పన్ను సంగతి తల్లిదండ్రులకి. సొరోరిటీ చాప్టర్ పన్నుల చట్టంలో సోషల్ క్లబ్, 501(సి)(7). డ్యూస్‌కి డిడక్షన్ రాదు. అదే సంఘానికి ఉండే ఫౌండేషన్ 501(సి)(3) కిందకి వస్తుంది కాబట్టి దానికి ఇచ్చిన విరాళానికి వస్తుంది. 529 ఖాతా (కాలేజీ చదువుకి దాచుకునే పన్ను రాయితీ ఖాతా) నుంచి డ్యూస్ కట్టకూడదు. సొరోరిటీ ఇంట్లో గది అద్దె, భోజనం మాత్రం, అమ్మాయి కనీసం సగం లోడ్ చదువుతుంటే, యూనివర్సిటీ ప్రకటించిన గది-భోజనం పరిమితి దాకా కట్టొచ్చు. కాబట్టి ఇంటి బిల్లునీ డ్యూస్ బిల్లునీ విడిగా ఇవ్వమని కోశాధికారిని ముందే అడిగి పెట్టుకోండి. రెండూ ఒకే అంకెగా వచ్చాక విడదీయడం కష్టం.

వాయిదాల పద్ధతి దాదాపు అన్నిచోట్లా ఉంది, అడిగితేనే ఇస్తారు. అడగడానికి మొహమాటపడి, రెండు గడువులు దాటాక ఆలస్య రుసుము, ఆపైన ఈవెంట్లకి రానివ్వకపోవడం దాకా వెళ్లేవాళ్లే ఎక్కువ.

ఆగస్టు: రిక్రూట్‌మెంట్

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో క్లాసులు మొదలవకముందే ఆగస్టులో, చాలాచోట్ల సెప్టెంబర్‌లో, కొన్ని యూనివర్సిటీల్లో జనవరిలో జరుగుతుంది. మొదటి రోజు అన్ని ఇళ్లూ తిరగాలి, ఒక్కో ఇంట్లో అరగంటలోపే. తర్వాత సేవా కార్యక్రమాల రౌండ్, సిస్టర్‌హుడ్ రౌండ్, చివర ప్రిఫరెన్స్ రౌండ్. చివరిదానికి సాధారణంగా రెండు ఇళ్లకి మించి పిలుపు ఉండదు, అక్కడ ముప్పావు గంట నుంచి గంట దాకా కూర్చోబెడతారు. మర్నాడు బిడ్ డే. పెళ్లిచూపుల్లా రెండు వైపులా ఎంచుకోవడమే, కాకపోతే కుదిర్చేది కంప్యూటర్.

ఈ కుదిర్చే లెక్క తెలియకే ఎక్కువమంది బాధపడతారు. ఏ చాప్టర్ ఏ రౌండ్‌కి ఎంతమందిని పిలవాలో గత ఏళ్లలో పిలిచినవాళ్లలో ఎంతమంది తిరిగొచ్చారన్న లెక్కని బట్టి ముందే చెప్తారు. గిరాకీ ఎక్కువున్న ఇల్లు మొదటి రౌండ్ తర్వాతే పెద్ద సంఖ్యలో వదులుకోవాలి. అరగంట మాటల తర్వాత వదిలేయడానికి వాళ్ల చేతిలో ఉండేది గ్రేడ్లు, హైస్కూల్ కార్యక్రమాల జాబితా, ఆ కాస్త సంభాషణ. రెండో రోజు ఉదయం ఒక పేరు జాబితాలో లేకపోతే అది అమ్మాయి మీద తీర్పు కాదు, ఆ ఇంటి అంకె అంత.

చివరి రౌండ్ తర్వాత సంతకం పెట్టే అంగీకార పత్రం మీద జాగ్రత్త. అందులో రాసిన ఇంటి నుంచి బిడ్ వచ్చి వద్దనుకుంటే, అదే క్యాంపస్‌లో మళ్లీ వచ్చే ప్రధాన రిక్రూట్‌మెంట్ దాకా ఇంకో పాన్‌హెలెనిక్ సొరోరిటీలో చేరే వీల్లేదు. రౌండ్లన్నిటికీ వెళ్లి, చివర పిలిచిన రెండు పేర్లూ రాసిన అమ్మాయికి, చాప్టర్ కోటా (తీసుకునే కొత్త సభ్యుల సంఖ్య) నిండిపోయినా అదనంగా చోటిచ్చే ఏర్పాటుంది. ఒక్క పేరే రాస్తే ఆ రక్షణ పోతుంది. రెండో ఇంట్లో నిజంగా ఉండలేనని తెలిస్తే తప్ప ఒక్క పేరు రాయొద్దు. ఏదీ కుదరకపోతే కోటా నిండని చాప్టర్లు తర్వాత విడిగా పిలుస్తాయి, కంటిన్యువస్ ఓపెన్ బిడింగ్ అంటారు. హడావుడి లేకుండా మనుషుల్ని తెలుసుకోవడానికి నిజానికి ఇదే మేలైన దారి, కాకపోతే దొరికే ఇళ్లు తక్కువ.

ఇంట్లో ఎవరూ సొరోరిటీలో లేకపోవడం ఒకప్పుడు మన పిల్లలకి నష్టమే. సిఫార్సు లేఖల్నీ, తల్లో అక్కో సభ్యురాలైతే ఇచ్చే ప్రాధాన్యాన్నీ చాలా సంఘాలు 2020 తర్వాత తీసేశాయి. ఇప్పుడు లేఖల కోసం ఊరంతా వెతకనక్కర్లేదు.

మాటల్లో మగపిల్లలు, మందు, మతం, రాజకీయం, డబ్బు ఎత్తొద్దని సభ్యులకి శిక్షణ ఇస్తారు. అందుకని డ్యూస్ గురించి తలుపు దగ్గర నిలబడ్డ అమ్మాయిని అడిగితే నీళ్లు నములుతుంది. అడగాల్సింది ఫైనాన్స్ గురించి చెప్పే రౌండ్‌లో, లేదా చాప్టర్ అనుబంధం పక్కనబెట్టి గైడ్‌గా తిరిగే సీనియర్‌ని. వారంలో సభ్యుల్ని అడగదగ్గ మంచి ప్రశ్న ఇది: "ఈ సెమిస్టర్ మీ చాప్టర్ పెట్టుకున్న లక్ష్యాలేంటి?" ముగ్గురిని విడివిడిగా అడగండి. ముగ్గురూ ఒకటే చెప్తే ఆ ఇంట్లో కాగితం ఉంది.

సెప్టెంబర్, అక్టోబర్: కొత్త సభ్యుల కాలం

ఆరు నుంచి ఎనిమిది వారాలు. వారానికో మీటింగ్, సంఘ చరిత్ర, నియమాలు, మద్యం విషయంలో జాగ్రత్తలు, బిగ్-లిటిల్ జతలు, చివర ఇనిషియేషన్. వారానికి సుమారు ఐదు నుంచి ఏడు గంటలు పోతాయి. మొదటి మిడ్‌టర్మ్‌లు సరిగ్గా ఈ మధ్యలో పడతాయి. కెమిస్ట్రీ ల్యాబ్ ఉన్న ప్రీమెడ్ అమ్మాయికి ఇదే గడ్డు కాలం. మంచి చాప్టర్ బిగ్-లిటిల్ వారాన్ని మిడ్‌టర్మ్ వారం మీద వెయ్యదు, ల్యాబ్ ఉన్నవాళ్ల కోసం అదే పాఠం ఇంకో రోజు చెప్తుంది. కనీస జీపీఏ చాలాచోట్ల 2.5 పైన ఉంటుంది. తగ్గితే ఈవెంట్లు ఆపి స్టడీ అవర్స్ వేస్తారు. ఆ గంటల్ని లైబ్రరీలో కార్డు గీకి లెక్కేసే పద్ధతి వృథా. ఏ కోర్సులో ఏ సీనియర్ దగ్గర కూర్చోవాలో జత కలిపే అకడమిక్ చైర్ ఉన్న చోటే గ్రేడు పెరుగుతుంది.

హేజింగ్ (మన ర్యాగింగ్ లాంటిది) మీద మెత్తగా మాట్లాడే పనే లేదు. ఫోన్ లాక్కోవడం, నిద్ర లేకుండా చేయడం, సీనియర్లకి పనులు చేసిపెట్టమనడం, "ఇది ఇంట్లో చెప్పొద్దు" అనడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అది హేజింగే. 2024 డిసెంబర్‌లో వచ్చిన స్టాప్ క్యాంపస్ హేజింగ్ చట్టం ప్రకారం యూనివర్సిటీలు తేలిన కేసుల్ని సంఘం పేరుతో సహా బహిరంగంగా పెట్టాలి. చేరకముందు ఆ నివేదిక తెరిచి చాప్టర్ పేరు వెతకండి. పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే ఉచిత ఫోన్ నంబరు 1-888-668-4293.

లక్ష్యాలు: చాప్టర్ నిలిచేదీ పడేదీ ఇక్కడే

చదువు సంవత్సరం ఆగస్టు నుంచి మే. ఆఫీసర్ల సంవత్సరం చాలాచోట్ల జనవరి నుంచి డిసెంబర్. ఎన్నికలు నవంబర్‌లో. ఈ రెండు ఏళ్లూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవు, సగం చాప్టర్ల కష్టాలకి మూలం ఇదే. ఆగస్టులో ఉత్సాహంగా రాసిన లక్ష్యాలు నవంబర్‌లో రాసినవాళ్లతోపాటు దిగిపోతాయి. జనవరిలో వచ్చిన కొత్త ప్రెసిడెంట్‌కి పాత సెమిస్టర్ బాకీలు మిగులుతాయి, లక్ష్యాలు మిగలవు.

సరిగ్గా నడిచే చాప్టర్ జనవరి మొదటి వారంలో ఆఫీసర్ల రిట్రీట్ పెట్టుకుంటుంది. ఒక రోజు, ఆరు గంటలు చాలు. లక్ష్యాలు నాలుగుకి మించవు. ఒక్కోదానికి ఒక అంకె, ఒక తేదీ, ఒక మనిషి. "సిస్టర్‌హుడ్ పెంచుకుందాం" అన్నది కోరిక. "ఈ శరదృతువులో చేరిన 36 మందిలో కనీసం 34 మంది వచ్చే ఆగస్టులో కూడా ఉండాలి, బాధ్యత మెంబర్‌షిప్ వైస్ ప్రెసిడెంట్‌ది, ప్రతి నెలా మొదటి మీటింగ్‌లో అంకె చెప్పాలి" అన్నది లక్ష్యం. ఆగస్టులో అదే కాగితం తీసి దిద్దుకుంటారు, కొత్తది రాయరు. నవంబర్ ఎన్నికల తర్వాత పాత ఆఫీసర్, కొత్త ఆఫీసర్ కలిసి కనీసం రెండు మీటింగులు నడుపుతారు. పాస్‌వర్డ్‌లు, వెండర్ల ఒప్పందాలు, బ్యాంకు సంతకాలు, సగంలో ఉన్న పనులు రాతలో చేతులు మారాలి. బ్యాంకు సంతకాలు మార్చడం మర్చిపోయి జనవరి అంతా చెక్కులు ఆగిపోవడం ఏటా ఎక్కడో ఒకచోట జరిగేదే. పాత కోశాధికారి గ్రాడ్యుయేట్ అయి ఊరు దాటకముందే ఆ పని అయిపోవాలి.

నాలుగు లక్ష్యాల్లో ఒకటి తప్పకుండా వసూళ్ల మీద ఉండాలి. లెక్క చూడండి. 120 మంది, తలకి సెమిస్టర్‌కి 500 డాలర్లు అనుకుంటే పద్దు 60,000. పదిమందిలో ఒకరు కట్టకపోతే 6,000 లోటు. జాతీయ కార్యాలయానికి కట్టేదీ, ఇన్సూరెన్సూ ఆగవు కాబట్టి కోత పడేది అకడమిక్, సిస్టర్‌హుడ్ ఖర్చుల మీద. అంటే సమయానికి కట్టిన అమ్మాయే నష్టపోతుంది. అందుకే బడ్జెట్‌ని పూర్తి సంఖ్య మీద కాక 110 మంది మీద వేసే కోశాధికారి ఉన్న చాప్టర్‌ని నమ్మొచ్చు.

క్యాలెండర్ పరీక్ష ఇంకా తేలిక. సెమిస్టర్ మొదటి వారంలోపు తప్పనిసరి తేదీలన్నీ సభ్యుల చేతిలో ఉండాలి. వారపు మీటింగ్ కాక వారానికి ఒకటి, మహా అయితే రెండు తప్పనిసరి పనులు. మిడ్‌టర్మ్ వారాలూ ఫైనల్స్ ముందు పది రోజులూ ఖాళీ. మూడు రోజుల ముందు చెప్పి తప్పనిసరి అనడం, రాలేదని జరిమానా వేయడం చేతకాని చాప్టర్ లక్షణం. హాజరుని పాయింట్లతో లెక్కేసే పద్ధతిలో సెలవు కోసం 48 గంటల ముందు ఫారం ఇమ్మంటారు. ల్యాబ్, ఉద్యోగం, జబ్బు, పండగ ఇవి సెలవుకి సరిపోయే కారణాల్లో రాసి ఉన్నాయో లేదో చూసుకోండి. దీపావళి అక్టోబర్-నవంబర్‌లో, అంటే హోమ్‌కమింగ్ (పూర్వ విద్యార్థులు క్యాంపస్‌కి వచ్చే వేడుక), ఎన్నికల హడావుడిలో పడుతుంది. బైలాస్‌లో (చాప్టర్ నియమావళిలో) మతపరమైన పండగ అని ఉంటే ఒక్క మెయిల్‌తో పని అయిపోతుంది.

వారపు మీటింగ్ గంటలో ముగియాలి. రెండు గంటలు సాగిందంటే ఆఫీసర్లు ప్రకటనలు చదువుతున్నారన్నమాట. ప్రకటనలు ముందురోజు రాత్రికే గ్రూపులో పెట్టి, మీటింగ్‌లో ఓటు, చర్చ, లక్ష్యాల అంకెలు మాత్రం ఉంచిన చాప్టర్‌లో హాజరు దానంతట అదే పెరుగుతుంది.

సేవా కార్యక్రమం: నూటికి నూరు మార్కులు ఇవ్వదగ్గ భాగం

ఒక్కో సంఘానికి ఒక జాతీయ సేవా భాగస్వామి ఉంటుంది. చై ఒమేగాకి మేక్-ఎ-విష్, ట్రై డెల్టాకి సెయింట్ జ్యూడ్ పిల్లల ఆస్పత్రి, ఆల్ఫా డెల్టా పైకి రొనాల్డ్ మెక్‌డొనాల్డ్ హౌస్ చారిటీస్. కప్పా డెల్టా షామ్‌రాక్ కార్యక్రమాల్లో వచ్చినదాంట్లో 80 శాతం ఊళ్లోని పిల్లల రక్షణ సంస్థకి, 20 శాతం జాతీయ సంస్థకి వెళ్తుంది. ఇంత స్పష్టంగా ఏ డబ్బు ఎక్కడికో చెప్పగలగడం మెచ్చుకోవాల్సిన విషయం. మీరు చూస్తున్న చాప్టర్‌ని ఇదే అడగండి.

పంతొమ్మిదేళ్ల అమ్మాయి 400 మందికి ఒక రాత్రి భోజనం అమ్మి లెక్క తేల్చడం ఏ క్లాసులోనూ నేర్పని చదువు. గ్రిల్డ్ చీజ్ నైట్ అన్ని క్యాంపస్‌లలోనూ జరిగేదే కాబట్టి దాని కొలతలు చూద్దాం. 400 శాండ్‌విచ్‌లకి 800 బ్రెడ్ ముక్కలు, చివరి ముక్కలు తీసేస్తే ప్యాకెట్‌కి 20 చొప్పున 40 ప్యాకెట్లు. ఒక్కోదానికి రెండు చీజ్ ముక్కలు, 160 ముక్కలుండే ఐదు పౌండ్ల ప్యాక్‌లు ఐదు. వెన్న శాండ్‌విచ్‌కి ఒక టేబుల్‌స్పూన్, పౌండ్‌కి 32 స్పూన్లు కాబట్టి 13 పౌండ్లు. వెన్న నాలుగు గంటల ముందే బయట పెట్టాలి, గట్టిగా ఉంటే బ్రెడ్ చిరిగిపోతుంది.

22 అంగుళాల కరెంటు గ్రిడిల్ (వెడల్పాటి పెనం) మీద ఒకేసారి ఆరు పడతాయి, వాయికి ఆరు నిమిషాలు. ఐదు గ్రిడిల్‌లతో నిమిషానికి ఐదు, గంటకి 300. నాలుగు వందలకి 80 నిమిషాలు. జనం మాత్రం మొదటి ముప్పావు గంటలోనే వచ్చేస్తారు. అందుకని తలుపులు తీయకముందే వంద కాల్చి 200 డిగ్రీల ఫారెన్‌హీట్ ఓవెన్‌లో ఉంచాలి.

ఇక అసలు గండం కరెంటు. ఒక్కో గ్రిడిల్ 1500 వాట్లు, 120 వోల్టుల మీద పన్నెండున్నర ఆంపియర్లు లాగుతుంది. రెండిటిని ఒకే సర్క్యూట్ మీద పెడితే 25 ఆంపియర్లు. 15దైనా 20దైనా బ్రేకర్ పడిపోతుంది. పక్కపక్కనున్న ప్లగ్గులు రెండూ ఒకే సర్క్యూట్ కావచ్చు. ముందురోజే హౌస్ డైరెక్టర్‌తో ప్యానెల్ దగ్గర నిలబడి ఐదు వేరువేరు సర్క్యూట్లు గుర్తుపెట్టి టేప్ అంటించాలి. ఎక్స్‌టెన్షన్ తప్పకపోతే ఆ లోడుకి తట్టుకునే లావుపాటి తీగే వాడాలి.

బేకన్ వేసేటట్లయితే దానికో గ్రిడిల్ విడిగా, చివరి టేబుల్ మీద. శాకాహారులు, గొడ్డు మాంసం, పంది మాంసం ముట్టనివాళ్లు వరుసలో చాలామంది ఉంటారు. వాళ్లకి ఆ సంగతి బోర్డు మీద కనిపించాలి, గోధుమ, పాలు ఉన్నాయన్న హెచ్చరిక కూడా. క్యాంపస్ ఆరోగ్య విభాగం నుంచి తాత్కాలిక ఆహార అనుమతి కనీసం రెండు వారాల ముందు అడగాలి, కొన్నిచోట్ల వ్యవధి ఇంకా ఎక్కువ. వడ్డన వంతులు 45 నిమిషాలకి మించొద్దు. గ్రిడిల్ ముందు గంట దాటితే చేతులు కాలడం మొదలవుతుంది.

డబ్బు చాప్టర్ ఖాతాలోకే రావాలి. ఎవరో సభ్యురాలి సొంత వెన్మో (ఫోన్‌లో డబ్బు పంపే యాప్) ఖాతాలోకి టికెట్ డబ్బులు తీసుకోవడం ఎక్కువగా జరిగే తప్పు. ఆమె పేరు మీద పన్ను కాగితాలు రావచ్చు, ఖర్చు పద్దు కలవదు, అన్నిటికీ మించి నిజాయితీ ఉన్న పిల్ల మీద అనుమానం పడుతుంది. సరుకుల ఖర్చు టికెట్ రాబడిలో మూడో వంతు దాటనివ్వకపోవడం మంచి కొలత. పది రోజుల్లో రాబడి, ఖర్చు, పంపిన మొత్తం ఒక్క పేజీలో సభ్యులందరికీ ఇవ్వాలి.

టీషర్టుల దగ్గరా ఒక చిక్కుంది. గ్రీకు అక్షరాలు, చిహ్నాలు సంఘం ట్రేడ్‌మార్కులు, లైసెన్స్ ఉన్న వెండరే ముద్రించాలి. యూనివర్సిటీ లోగో కలిస్తే రెండో అనుమతి. నాలుగు వారాల ముందు ఆర్డర్ ఇవ్వకపోతే ఈవెంట్ అయిపోయాక పెట్టెలు వస్తాయి.

ఫార్మల్, వసంతం పనులు

ఫార్మల్ గురించి ఎక్కువ చెప్పేది లేదు. 120 మంది, తోడొచ్చే అతిథులతో 240. బస్సుకి 56 సీట్లు, అంటే ఐదు బస్సులు. లైసెన్స్, ఇన్సూరెన్స్ ఉన్న వేదిక, ముందే ఇచ్చిన అతిథుల జాబితా, 21 నిండినవాళ్లకే చేతిపట్టీ, ఎవరి డ్రింక్‌కి వాళ్లే డబ్బు, ఆ రాత్రి తాగకుండా కాపలా ఉండే సభ్యులు. ఇవన్నీ రాతలో లేని ఫార్మల్‌కి వెళ్లొద్దు. పాన్‌హెలెనిక్ సొరోరిటీ ఇళ్లలో మద్యం నిషేధం, రిక్రూట్‌మెంట్‌లోనూ బిడ్ డే నాడూ మద్యమే కాదు, మగపిల్లల పాత్ర కూడా ఉండకూడదు.

మార్చి మొదటి సోమవారం బ్యాడ్జ్ డే. ఏప్రిల్ దరిదాపుల్లో గ్రీకు అక్షరాల పేర్లున్న సంఘాలన్నీ కలిసి చేసే గ్రీక్ వీక్, సీనియర్ల వీడ్కోలు. మే నెలలో ఇల్లు మూసేముందు వంటింటి సామాను, ఫర్నిచర్ లెక్క. వేసవిలో కొత్త రిక్రూట్‌మెంట్ సన్నాహం. ఆ వారం కోసం సభ్యులు ఆగస్టులో వారం పది రోజుల ముందే రావాలి. వేసవి ఇంటర్న్‌షిప్ ఆగస్టు మధ్యదాకా ఉన్న అమ్మాయి ఏప్రిల్‌లోనే సెలవు అడగాలి, జూలైలో అడిగితే జరిమానా పడే అవకాశం ఎక్కువ.

ఇల్లు, భోజనం

చాలా చాప్టర్లు రెండో ఏడాది ఇంట్లో ఉండాలని షరతు పెడతాయి. మంచాలు నిండకపోతే ఇంటి యాజమాన్య సంస్థకి లోటు, ఆ లోటు అందరి మీదా పడుతుంది, అందుకే ఆ పట్టు. ఒప్పందం ముందు ఏడాది శరదృతువులోనే పెట్టించుకుంటారు. విదేశీ సెమిస్టర్, కో-ఆప్ (చదువు మధ్యలో చేసే ఉద్యోగం) ఆలోచన ఉంటే సంతకానికి ముందే రాయించుకోవాలి, తర్వాత బయటపడటం కష్టం.

వంటవాళ్లు ఎక్కువ చోట్ల సోమవారం నుంచి శుక్రవారం దాకానే. వారాంతం సొంత ఏర్పాటు. శాకాహారికి రోజూ సలాడ్, పాస్తాతో సరిపెట్టే ఇళ్లున్నాయి, వారం ముందు మెనూ పంపి పప్పులు, టోఫు, శనగలతో వేరే వంటకం చేసే ఇళ్లూ ఉన్నాయి. ఓపెన్ హౌస్‌లో చెఫ్ పక్కన నిలబడి గత రెండు వారాల మెనూ చూపించమనండి. ల్యాబ్ వల్ల ఆలస్యమైతే తీసిపెట్టే లేట్ ప్లేట్ సౌకర్యం ఉందో లేదో కూడా.

దక్షిణాసియా సొరోరిటీలు

మూడు ప్రధాన సంఘాలూ 1998లోనే పుట్టాయి. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో కప్పా ఫై గామా, హ్యూస్టన్ యూనివర్సిటీలో డెల్టా ఫై ఒమేగా, న్యూయార్క్‌లోని సెయింట్ జాన్స్‌లో సిగ్మా సిగ్మా రో. ఇవి 26లో భాగం కావు. చేరిక కంప్యూటర్ జతతో కాదు, సెమిస్టర్ మొదట్లో జరిగే సమాచార సభలు, ముఖాముఖిల ద్వారా. ఇల్లు ఉండటం అరుదు, ఆ మేరకు ఖర్చు తక్కువ. మనిషి మీద పని మాత్రం ఎక్కువ. 15 మంది ఉన్న చాప్టర్‌లో ఒక్కొక్కరు రెండు పదవులు మోస్తారు, ఈవెంట్ రాత్రి గ్రిడిల్, టికెట్ రెండూ ఆ అమ్మాయే. నాయకత్వం తొందరగా దొరుకుతుంది, అలసటా తొందరగానే వస్తుంది. ఇద్దరు సీనియర్లు ఒకేసారి గ్రాడ్యుయేట్ అయితే చాప్టర్ కుంటుపడుతుంది కాబట్టి, చేరేముందు ఏ ఏడాదివాళ్లు ఎంతమంది అని అడగాలి. ఇంట్లో పండగలూ, పెళ్లి సంబంధాల ఒత్తిళ్లూ విడమరిచి చెప్పనక్కర్లేని మనుషుల మధ్య ఉండటం మాత్రం పెద్ద చాప్టర్ ఎంత డబ్బు పెట్టినా ఇవ్వలేనిది. కొత్త సభ్యుల కాలం ఇక్కడ ఎక్కువ గోప్యంగా నడుస్తుంది. పైన హేజింగ్ గురించి రాసినదంతా ఇక్కడా అంతే గట్టిగా వర్తిస్తుంది.

మానేయాలంటే

ఇనిషియేషన్‌కి ముందు మానేస్తే అదే క్యాంపస్‌లో మళ్లీ వచ్చే ప్రధాన రిక్రూట్‌మెంట్ దాకా ఆగాలి, తర్వాత ఇంకో పాన్‌హెలెనిక్ సంఘంలో ప్రయత్నించొచ్చు. ఇనిషియేషన్ అయ్యాక మానేస్తే ఆ 26లో ఇంకే సంఘంలోనూ, ఏ క్యాంపస్‌లోనూ, ఎప్పటికీ చేరలేరు. కాబట్టి అనుమానం ఉంటే ఆరో వారంలోపే తేల్చుకోవాలి. రాజీనామా లేఖ రాతలో, ప్రెసిడెంట్‌కీ అడ్వైజర్‌కీ ఒకేసారి, సెమిస్టర్ బిల్లు పడే తేదీకి ముందు ఇవ్వాలి. ఒక్కరోజు దాటినా ఆ సెమిస్టర్ డ్యూస్ మొత్తం అడుగుతారు. చాలా సంఘాల్లో బ్యాడ్జ్ సంస్థ ఆస్తి, తిరిగి ఇచ్చేయాలి. ఇచ్చినట్టు మెయిల్‌లో రసీదు తీసుకోండి. ఇంటి ఒప్పందం రాజీనామాతో రద్దవదు. అది వేరే కాగితం, వేరే సంస్థతో, దాని గడువు దానిదే.